పెన్షను పుచ్చుకున్నాక పిలుపు అందుకున్న మహనీయుడు – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాము. భారతరత్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జయంతి అది. ఆయన పేరు వినగానే మనలో చాలామందికి మైసూరు తలపాగా, నిలువెత్తు కోటు, కృష్ణరాజసాగరం ఆనకట్ట గుర్తుకు వస్తాయి. విశ్రాంత ఉద్యోగులమైన మనం మాత్రం ఆయన జీవితంలో మరొక ఘట్టాన్ని ప్రత్యేకంగా తలచుకోవాలి. సర్కారు కొలువు తానుగా విడిచిపెట్టి, పెన్షను పుచ్చుకుని, విదేశాలు చూస్తూ తిరుగుతున్న మనిషికి పిలుపు వచ్చింది. వరదకు కకావికలైన హైదరాబాదు నగరాన్ని నిలబెట్టే పని అది. ఆయన చేసిన ఆ పని ఈనాటికీ లక్షలాది ప్రజలకు అండగా ఉన్నది. అందులో మన కారంపూడి వంటి ఊళ్లకు కూడా పనికివచ్చే పాఠం ఉన్నది. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆ మహనీయుని జీవితాన్ని మననం చేసుకుందాము.

పూర్వీకులు మనవారే

విశ్వేశ్వరయ్య గారు 1861 సెప్టెంబరు 15న అప్పటి మైసూరు సంస్థానంలో, చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. ఇంటిపేరును బట్టే తెలుస్తుంది గదా, వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. మన పల్నాటికీ ఆ ఊరికీ మధ్య అడ్డుగా ఉన్నవి నల్లమల కొండలే. ఎన్నో తరాల క్రిందట ఆ కుటుంబం మైసూరు సీమకు తరలిపోయినా ఇంటిపేరుతోపాటు ఊరి పేరునూ వెంట తీసుకుపోయింది.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంట్లో కలిమి లేదు. బెంగుళూరులో మేనమామ గారి ఆదరణలో ఉంటూ, ఒక కొడగు కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెప్పి ఆ డబ్బుతో చదువుకున్నారు. సెంట్రల్ కాలేజీలో చేరి 1881లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా వెళ్లి ఇంజనీరింగు చదివి, 1883లో మొదటి స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్‌లో ఉద్యోగంలో చేరారు.

సర్వీసులో చేసిన పనులు

ఆయన సర్వీసు అంతా నీటితోనే గడిచింది. సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీరు ఇవ్వవలసి వచ్చినప్పుడు, వడపోత మడుగులు కట్టేందుకు మునిసిపాలిటీ దగ్గర సొమ్ము లేదు. అప్పుడు ఆయన నది ఇసుకనే జల్లెడగా వాడుకున్నారు. నదీ గర్భంలో బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరిన తేట నీటిని పట్టణానికి ఎక్కించారు. ప్రకృతి తానుగా చేసిపెట్టే పనిని మనిషి డబ్బు పోసి మళ్లీ కట్టనక్కరలేదన్న ఎరుక ఆయనకు ఆనాడే ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

పూనా దగ్గరి ఖడక్‌వాస్లా చెరువు అలుగుమీద 1903లో తాను రూపొందించిన స్వయంచాలక తలుపులు బిగించారు. నీరు ఒక మట్టానికి చేరగానే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, మట్టం తగ్గగానే మూసుకుంటాయి. ఆ తలుపులకు పేటెంటు పొందారు గాని, ప్రభుత్వ ఉద్యోగిగా చేసిన పనికి ప్రత్యేకంగా సొమ్ము తీసుకోవడం తగదని రాయల్టీ పుచ్చుకోలేదు. 1906లో ఏడెన్ వెళ్లి అక్కడి మంచినీటి సరఫరా గురించి, మురుగు పారుదల గురించి సలహా ఇచ్చి వచ్చారు.

ఇంత చేసినా, ఆ రోజుల్లో చీఫ్ ఇంజనీరు కుర్చీ భారతీయునికి దక్కే ఆశ లేదు. అందుచేత 1908లో, ఇంకా ఎన్నో ఏళ్లు సర్వీసు మిగిలి ఉండగానే, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు. పాతికేళ్ల సర్వీసు నిండకపోయినా ప్రభుత్వం ఆయనకు పెన్షను మంజూరు చేసింది. పిమ్మట ఆయన ప్రపంచ దేశాలను చూడాలని ఐరోపాకు ప్రయాణమయ్యారు.

1908 సెప్టెంబరు 28

ఆయన విదేశాలలో ఉన్నప్పుడే హైదరాబాదులో ఘోరం జరిగింది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నది నగరం నడిబొడ్డున పారుతుంది. ఎండాకాలంలో మోకాలి లోతు కూడా ఉండని ఆ నది 1908 సెప్టెంబరు 28న కట్టలు తెంచుకున్నది. నగరానికి దగ్గరలోని శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో దాదాపు 19 అంగుళాల వాన పడింది. వరద గరిష్ఠ ప్రవాహం సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులని తరువాత లెక్క తేలింది. నగరంలోని వంతెనల్లో పురానాపూల్ తప్ప తక్కినవి కొట్టుకుపోయాయి. సుమారు 15,000 మంది చనిపోయారనీ, 80,000 మంది నిలువనీడ లేనివారయ్యారనీ అంచనా.

ఆనాడు అఫ్జల్‌గంజ్ దగ్గర, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక పెద్ద చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. రాతి కట్టడాలు కూలిపోయినా వేళ్లు లోతుకు దిగిన చెట్టు నిలిచింది. ఆ చెట్టును హైదరాబాదువారు ఇప్పటికీ తలచుకుంటారు.

అప్పటి నిజాము ఆరవ అసఫ్‌జా మీర్ మహబూబ్ అలీఖాన్. ఇటువంటి విపత్తు మళ్లీ రాకుండా చూడాలని ఆయన ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారికి కబురు పంపింది. ఆ తంతి ఆయనకు ఇటలీలో ఉండగా చేరింది. పర్యటన ముగించుకుని 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరుకున్నారు. ఉద్యోగం వదిలిన మనిషి. పెన్షను వస్తున్నది. పరాయి సంస్థానం. కాదన్నా అడిగేవారు లేరు. అయినా బాధ్యత నెత్తికెత్తుకున్నారు.

తప్పు నదిది కాదు

నది పొంగింది కాబట్టి నగరంలో గోడ కట్టాలని ఎవరైనా అంటారు. ఆయన మాత్రం ముందుగా నగరం వదిలి ఎగువకు వెళ్లి చూశారు. వర్షపాతం లెక్కలు తెప్పించారు. మూసీ పరీవాహక ప్రాంతంలోని చెరువుల లెక్క తీశారు. మొత్తం 788 చెరువులు ఉన్నాయి, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి. ఆ వరదలో వాటిలో 221 చెరువులు తెగిపోయాయని తేలింది.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. పల్లెటూరి వారికి గొలుసుకట్టు చెరువుల సంగతి చెప్పనక్కరలేదు. పై చెరువు నిండితే దాని అలుగు నీరు కింది చెరువుకు వస్తుంది. కట్ట గట్టిగా ఉండి, అలుగు సరిపడా ఉంటే, ఒక్కొక్క చెరువు వరదలో కొంత భాగాన్ని పట్టి ఆపి, నిదానంగా కిందికి వదులుతుంది. కాని పై చెరువు కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగుతుంది. అలా ఒకదాని వెంట ఒకటి తెగి, వాన నీటికి తోడు చెరువుల నీరు కూడా కలిసి నగరం మీద విరుచుకుపడింది. బాగున్న చెరువు వరదను తగ్గిస్తుంది, పాడుబడిన చెరువు వరదను పెంచుతుంది. ఆనాడు విశ్వేశ్వరయ్య గారు లెక్కలతో తేల్చిన ఈ సత్యం నేటికీ మారలేదు.

1909 అక్టోబరు 1న ఆయన తన నివేదికను సమర్పించారు. అందులోని ముఖ్య సూచనలు రెండు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరద నీటిని అక్కడే పట్టి ఉంచి, నగరంలోని నది మోయగలిగినంత మేరకే కిందికి వదలాలన్నది మొదటిది. నగరం లోపల నది ఒడ్డులను ఎత్తు చేసి, ఒడ్డు పొడవునా ఇళ్లకు బదులు విశాలమైన బాటలు, ఉద్యానవనాలు ఏర్పాటు చేయాలన్నది రెండవది. వీటితోపాటు ఇరుకు బస్తీలను బాగు చేయడం, వీధులు వెడల్పు చేయడం, మురుగునీటి కాలువలు నిర్మించడం గురించి కూడా ఆలోచన చెప్పారు.

తోటలు కేవలం అందం కోసం కావని మనం గ్రహించాలి. నది పొంగినప్పుడు తోటలోకి నీరు వస్తే గడ్డి తడుస్తుంది, చెట్ల మొదళ్లు తడుస్తాయి. నాలుగు రోజుల్లో నీరు తీసి, నేల మళ్లీ పచ్చగా ఉంటుంది. అదే చోట ఇళ్లు ఉంటే సంసారాలు కొట్టుకుపోతాయి. ఈ రోజుల్లో నగరాల్లో వరదను తగ్గించేందుకు చెరువులు, తోటలు, చిత్తడి నేలలు, నీరు ఇంకే బాటలు అవసరమని ప్రపంచమంతటా చెబుతున్నారు. చైనా దేశం 2015 నుండి కొన్ని నగరాలను ఎంచుకుని, వాన నీటిని స్పాంజిలాగా పీల్చుకునేలా తీర్చిదిద్దే పని మొదలుపెట్టింది. ఎగువన నీటిని ఆపి, ఒడ్డును పచ్చగా విడిచిపెట్టాలన్న ఆలోచనను మన విశ్వేశ్వరయ్య గారు అంతకు నూరేళ్ల ముందే కాగితం మీద పెట్టారు.

సూచనలు ఆచరణకు వచ్చిన తీరు

నివేదిక ఇచ్చిన కొద్ది వారాలకే ఆయన మైసూరు సంస్థానం చీఫ్ ఇంజనీరు పదవి స్వీకరించారు. హైదరాబాదులో ఆ పనులు ఇతరుల చేతుల మీదుగా సాగాయి. 1911లో మహబూబ్ అలీఖాన్ మరణించగా, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ పనులను ముందుకు నడిపించారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ జంట జలాశయాలే నగరానికి మంచినీరు కూడా ఇచ్చాయి. ఉస్మాన్‌సాగర్ నీరు పంపులు లేకుండా పల్లానికి తానుగా నగరానికి పారివచ్చేది. నది ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజి, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు లేచాయి. మురుగు పారుదల పథకం కోసం 1920లలో విశ్వేశ్వరయ్య గారిని హైదరాబాదు ప్రభుత్వం మళ్లీ పిలిపించుకున్నది.

తదనంతర జీవితం

మైసూరులో ఆయన చేసిన సేవ జగమెరిగినదే. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగరం పని మొదలైంది. 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. మైసూరు బ్యాంకు 1913లో, మైసూరు విశ్వవిద్యాలయం 1916లో ఆయన హయాములోనే వెలిశాయి. దివాను పదవి వదిలాక కూడా ఊరకనే కూర్చోలేదు. భద్రావతి ఇనుప కర్మాగారం బాధ్యత చూశారు. దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానం అవసరమని 1934లో గ్రంథం వ్రాశారు. తొంభై ఏళ్లు దాటిన వయస్సులో గంగానది మీద మొకామా దగ్గర కట్టబోయే వంతెన స్థలాన్ని పరిశీలించి సలహా ఇచ్చారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదంతో సత్కరించింది. నిండు నూరేళ్లు జీవించి 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు.

లెక్క చూస్తే 1908లో పదవీ విరమణ చేసిన తరువాత ఆయన 53 ఏళ్లకు పైగా జీవించారు. సర్వీసులో ఉన్న కాలం 24 ఏళ్లే. ఆయనను ప్రపంచం ఎరిగిన పనులలో అధిక భాగం విరమణ తరువాత చేసినవే. పెన్షనర్లమైన మనం దీనిని గమనించాలి.

ఆయన హెచ్చరించిన తప్పే మళ్లీ మళ్లీ

జంట జలాశయాలు కట్టినంత మాత్రాన హైదరాబాదుకు వరద బెడద తీరలేదు. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో నగరం నీట మునిగింది. 2020లో గుర్రం చెరువు, అప్పా చెరువు కట్టలు తెగి కాలనీల మీద పడ్డాయి. 1908లో ఎగువ చెరువులు చేసిన పనినే 112 ఏళ్ల తరువాత నగరం లోపలి చెరువులు చేశాయి. 2025 సెప్టెంబరు చివరి వారంలో జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఆవరణలోకి వచ్చింది. ఆ బస్ స్టేషన్ నది మధ్య లంకలో కట్టినది. తోట ఉండవలసిన చోట కట్టడం ఉంటే నది తన చోటు తాను వెతుక్కుంటుంది. జలాశయాన్ని మంచినీటి కోసం నిండుగా ఉంచుకుంటే, వరద వచ్చిననాడు దానిలో చోటు ఉండదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం.

మన ఆంధ్రలో 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. మన బంధువులు, స్నేహితులు ఎందరో ఆ రోజుల్లో డాబాల మీద కాలం గడిపారు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇరుకైపోయిన ఏరు ఎంత చిన్నదైనా ఎంత పెద్ద పట్టణాన్నైనా ముంచగలదని దీనివల్ల రుజువైంది.

మన కారంపూడి మాట

హైదరాబాదు మూసీకీ మనకూ ఏమి సంబంధమని కొందరు అనుకోవచ్చు. మూసీ నది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఎదుటి ఒడ్డు మన పల్నాడే. మన నాగులేరూ దాచేపల్లి దాటి ఆ కృష్ణలోనే కలుస్తుంది. పల్నాటి వీరుల గుళ్లు ఉన్నది నాగులేటి ఒడ్డున. కార్తీక అమావాస్యకు ఏటా వీరారాధనకు వచ్చే వేలాది జనం స్నానాలు చేసేదీ, బస చేసేదీ ఆ చుట్టుప్రక్కలనే. ఎండాకాలంలో మూసీలాగే నాగులేరు కూడా సన్నగా కనిపిస్తుంది. దాని అసలు వెడల్పు పెద్దవాన పడిననాడే తెలుస్తుంది.

పైగా మనది నాపరాయి సీమ. వాకిట్లో నాపరాళ్లు, వీధిలో సిమెంటు రోడ్డు, పైన శ్లాబు. వానచుక్క ఇంకే చోటు ఏదీ? ఒక ఎకరం మీద ఒక అంగుళం వాన పడితే సుమారు ఒక లక్ష లీటర్ల నీరు. 200 గజాల ఇంటి స్థలం మీద రెండు అంగుళాలు పడితే సుమారు 8,500 లీటర్లు. అదంతా వీధిలోకి వదిలితే పల్లపు ఇళ్లవారికే చేటు. పెరట్లో ఒక మూల రాళ్లు తీసి నేల విడిచిపెట్టినా, ఇంకుడు గుంత తవ్వినా, ఒక వేపనో కానుగనో నాటినా అందులో కొంత అక్కడే ఇంకిపోతుంది. బోరులో నీరూ పెరుగుతుంది. 2000 సంవత్సరంలో నీరు–మీరు కార్యక్రమంలో ఇంకుడు గుంతలు తవ్వించినవారు మన సంఘంలోనే ఉన్నారు. వాటిలో చాలావరకు పూడిపోయి ఉంటాయి. పూడిక తీయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఇక చెరువుల సంగతి. చెరువు శిఖం ఎంతవరకు, వాగు పోరంబోకు ఏ సర్వే నంబరులో ఉన్నది, అలుగు నీరు ఏ డొంక వెంట పోయేది, ఏ తూము ఏనాడు పూడిపోయింది అన్న వివరాలు ఎవరికి తెలుసు? రెవెన్యూ శాఖలో ఎఫ్.ఎం.బి.లు, అడంగళ్లు చూసినవారికి, ఇరిగేషన్‌లో కట్టల మీద తిరిగినవారికి, పంచాయతీలలో పనిచేసినవారికి తెలుసు. అంటే మనకే తెలుసు. మన తరం దాటితే ఆ జ్ఞాపకం కూడా దాటిపోతుంది. కొత్తగా వచ్చిన అధికారికి పటం మీద గీత కనబడుతుంది గాని, ఏ ఏడు నీరు ఎంతవరకు వచ్చిందో కనబడదు.

కాబట్టి సోదర పెన్షనర్లారా, విశ్వేశ్వరయ్య గారి విగ్రహానికి దండ వేసి ఊరుకోవడం కంటే ఆయన చేసిన పనిలో మనకు చేతనైనంత చేయడం మేలు. ఆయన నగరాన్ని కాపాడటానికి ముందుగా ఎగువ చెరువులను లెక్కపెట్టారు. మనం మన ఊరి చెరువులను, వాగులను, వాటి హద్దులను, ఎరిగినంతవరకు కాగితం మీద వ్రాసి పెట్టవచ్చు. ఒకరికి గుర్తులేనిది మరొకరికి గుర్తుంటుంది. నలుగురు కూర్చుంటే పటం తయారవుతుంది. దానిని గ్రామసభలో పెట్టి, ఒక ప్రతి పంచాయతీకి, ఒక ప్రతి తహసీల్దారు గారి కార్యాలయానికి ఇచ్చి రసీదు తీసుకుందాము. మనుమలను వెంటబెట్టుకుని ఒకసారి కట్ట మీద నడిచి అలుగు ఎక్కడున్నదో చూపిద్దాము. ఉద్యోగానికి విరమణ ఉన్నది గాని ఊరికి చేయవలసిన సేవకు లేదని ఆ మహనీయుడు తన జీవితంతో నిరూపించారు. ఆయనకు మనం అర్పించగలిగిన నివాళి అదే.